రెండేళ్ల కట్టుబాటు

"రెండేళ్లంట, రెండేళ్లు! నా కొడుకేమన్నా జైల్లో ఉండాడా, ఏండ్లు లెక్కబెట్టుకుంటా కూర్చునేకి?"

రంగనాయకమ్మ పుంగనూరు నుంచి వచ్చి ఇంకా కాళ్లయినా కడుక్కోలేదు. ఇచ్చిన మంచినీళ్లు ముట్టకుండా కుర్చీ పక్కన పెట్టేసి కోడల్ని నిలదీస్తోంది. కోడలంటే పరాయి పిల్ల కాదు, సొంత అన్న కూతురు. అందుకే ఆమె కోపానికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

నీరజ వంటింటి గడపకు ఆనుకుని నిలబడింది. ఈ నాలుగు రోజుల్లో ఈ సంగతి ఆమె ఎంతమందికి చెప్పిందో. మొగుడికి చెప్పింది, ఫోన్లో నాన్నకు చెప్పింది, మొగుడి స్నేహితులకు చెప్పింది. ఇప్పుడు అత్తకు మళ్లీ మొదటినుంచీ చెప్పాలి.

"మెల్లగా విను అత్తా. టమోటా ఆకుముడత మీద పరిశోధన చేసేకని నన్ను అమెరికా వాళ్లు ఏడాది పాటు పిలిపించుకున్నారు. ఖర్చంతా వాళ్ల ప్రభుత్వమే పెట్టింది. అట్ల పోయినోళ్లు పని అయినాక సొంత దేశానికి తిరిగొచ్చి రెండేళ్లు ఉండాల. ఆడ నేర్చుకునింది ఈడ పనికి రావాలని వాళ్ల రూలు. ఆ రెండేళ్లు నిండేదాకా మళ్లీ ఆడికి ఉద్యోగానికి పోయే వీసా ఇయ్యరు. ఊరికే చూసొచ్చేకి అడగొచ్చు, అంతే."

"అది నీకు. పోయింది నువ్వు, కట్టుబడాల్సిందీ నువ్వు. వాడికేంది మధ్యలో?"

"బావ నా వెంట వచ్చినాడు కదత్తా. ఆధారపడి వెంట వచ్చినోళ్లకు కూడా అదే కట్టుబాటు."

"ఏమన్నావు?" రంగనాయకమ్మ గొంతు లేచింది. "నా కొడుకు నీ మీద ఆధారపడినోడా?"

లోపలి గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ వీసా మీద ఉన్న మాట అదే. ఆ ఒక్క మాట వల్లే యువరాజ్ ఈ మదనపల్లెలో తలెత్తుకోలేకపోయాడు. కాలేజీలో పాఠాలు చెప్పే భార్యకు అవకాశం వచ్చిందని బెంగళూరులో ఉద్యోగం వదులుకుని వెంట వెళ్లాడు. 'పెండ్లాం కొంగు పట్టుకుని అమెరికా పోయినోడు' అని వెనక నవ్వుకున్న వాళ్లు ఉన్నారు. అక్కడ మూడు నెలలు వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ గడిపాడు. తర్వాత పనికి అనుమతి వచ్చింది. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీలో చేరాడు. ఆ ఏడాది ముగిసేసరికి అతను లేనిదే పని జరగదన్నంత దూరం వచ్చింది. ఆ కంపెనీయే ఇప్పుడు రమ్మంటోందని నాలుగు రోజుల కిందట ఇంట్లో చెప్పాడు. వీసాకు వాళ్లే దరఖాస్తు పెడతామంటోంది.

యువరాజ్ బయటికి వచ్చాడు. గడ్డం మాసింది. తల్లి వైపు చూడలేదు.

"నీకు ముందే తెలుసు కదా నీరజా."

"నీకూ చెప్పినాను బావా. చెన్నైలో వీసా అయినాక పాస్‌పోర్టు తెరిచి చూపించినాను. ఆ మాట వీసా మీదే అచ్చేసినారు. 'మనమేమన్నా ఆడ కాపురం పెట్టేకి పోతాండామా' అన్నావు."

"అన్నాను. కాదనలేదు." అతను గోడకు ఆనుకున్నాడు. "ఆడ నాకంటూ ఒక చోటు ఉంటాదని అప్పుడు నాకు తెలుసునా?"

అతను చెప్పింది నిజం. ఆమె చెప్పింది కూడా నిజమే. రెండు నిజాలనూ ఈ నాలుగు రోజులుగా ఇద్దరూ అటూ ఇటూ విసురుకుంటూనే ఉన్నారు.

వీధి తలుపు కొట్టిన చప్పుడైంది.

"మేడమ్ ఉండారామ్మా? వాల్మీకిపురం కాడ నుంచి వచ్చినా. కొండప్పను."

చేతిలో గోతం సంచి, అందులో వేళ్లతో సహా పెరికిన టమోటా మొక్కలు. ఆకులు లోపలికి ముడుచుకుపోయి, అంచులు పసుపెక్కి ఉన్నాయి. నీరజ అరుగు మీదే కూర్చుని ఒక్కో ఆకూ తిప్పి చూసింది. తెల్లదోమ ఎప్పటినుంచి కనబడుతోందో, నారు ఎక్కడ కొన్నాడో అడిగింది. పక్క చేనుకు పాకకుండా ఏం చేయాలో చెప్పింది. కొండప్ప తలూపాడు.

"పోయినసారి మీరు చెప్పినట్టు చేసినోళ్లకు కాయ నిలిచిందంట. మీరు ఈడే ఉంటారు కదమ్మా? మళ్లా యాడికీ పోరు కదా?"

"ఈడే ఉంటానప్పా."

ఆ మాట లోపలికి వినబడింది. ఆమె తిరిగి వచ్చేసరికి యువరాజ్ నవ్వుతున్నాడు. నవ్వులో సంతోషం లేదు.

"నీకైతే అది రూలు కాదు, పండగ. పొద్దున లేస్తే నీ గడప కాడికి మనుషులు వస్తారు. నా గడప కాడికి ఎవరొస్తారు?"

"బావా, ఆర్నెల్లు అయిపోయినాయి. ఇంకో ఏడాదిన్నర ఓర్చుకుంటే అయిపాయ."

"కంపెనీ అన్నాళ్లు ఆగదు. వచ్చే ఏడాది ఆఖరుకన్నా రావాలంటాండారు." దగ్గరికి వచ్చాడు. "కుప్పంలో భానుప్రకాశ్ అని ఉండాడు. బెంగళూరులో వీసాల ఆఫీసులో చేసి ఇప్పుడు సొంతంగా పెట్టుకున్నాడు. తిరిగి పోవాల్సిన దేశాల జాబితాలోంచి ఇండియా పేరు తీసేసినారంట కదా. ఒకసారి పోయి కూర్చుందాం. పొద్దున రమ్మన్నాడు."

జాబితా సంగతి నీరజకు తెలుసు. తన కేసుకు అది వర్తించదనీ తెలుసు. నాలుగు రోజుల కిందటైతే ఆ మాట చెప్పేసేది. ఇప్పుడు ఓపిక లేదు. మరొకరి నోటి నుంచి వింటేనన్నా నమ్ముతాడేమో అనిపించింది.

"పోదాం పద," అంది.

*

మర్నాడు ముగ్గురూ కలిసే బస్సెక్కారు. పుంగనూరులో దిగుతూ రంగనాయకమ్మ కిటికీ దగ్గరికి వచ్చి చెప్పింది.

"వచ్చేటప్పుడు ఇంటికి రాండి. సంగటి చేసి పెడతా. తిని పోదురు."

కోపం ఉన్నా అన్నం మాట మాత్రం మరిచిపోదు ఆమె.

పలమనేరులో బస్సు ఆగినప్పుడు యువరాజ్ దిగి రెండు టీలు తెచ్చాడు. ఆమెది చక్కెర తక్కువ. అడగకుండానే అలా తెచ్చాడు. కప్పు అందుకుంటూ ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను కిటికీ వైపు తిరిగిపోయాడు. కోపంలో ఉన్న మనిషిలా లేడు. భయపడుతున్న మనిషిలా ఉన్నాడు. ఎందుకో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు.

భానుప్రకాశ్ ఆఫీసు కుప్పం బస్టాండుకు దగ్గర్లోనే, సెల్‌ఫోన్ల అంగడి పై అంతస్తులో ఉంది. మనిషి చిన్నవాడే. మర్యాదస్తుడు. ఫ్యాను వాళ్ల వైపు తిప్పి, చల్లని నీళ్లు తెప్పించి, అప్పుడు మాట మొదలుపెట్టాడు.

"జాబితా మారింది నిజమే మేడమ్. కొన్ని విద్యలకు మనోళ్లు తిరిగి రావాల్సిందేనని ఒక జాబితా ఉండేది. దాంట్లోంచి ఇండియా పేరు తీసేసినారు. చానామంది బయటపడినారు. మీకు ఖర్చు పెట్టింది ఎవరు?"

"వాళ్ల ప్రభుత్వం."

భానుప్రకాశ్ పెన్ను కింద పెట్టాడు. "అట్లయితే జాబితాతో మీకు పని లేదు. ప్రభుత్వం డబ్బుతో పోయినోళ్ల కట్టుబాటు వేరే. అది అట్లే ఉండాది."

యువరాజ్ కదిలి కూర్చున్నాడు. ఆమె చెప్పిన మాటే. ఆమె మాత్రం అతని వైపు చూడలేదు.

"మన ప్రభుత్వం అభ్యంతరం లేదని రాసిస్తే?" అని అడిగింది. తెలిసే అడిగింది. అతను వినాలని అడిగింది.

"ఇస్తారేమో మేడమ్. ఆ కాగితం తీసుకుని వాళ్లు మాఫీ చెయ్యాల కదా. తమ సొమ్ముతో పిలిపించుకున్నోళ్లకు మాఫీ చేసేది చానా అరుదు. ఆడ పుట్టిన బిడ్డలు ఉంటే ఆ దారి ఒకటి ఉంటాది. మీకు బిడ్డలు..."

"లేరు."

తిరిగి వచ్చాక చూద్దాం అనుకున్నారు. వచ్చాక ఇది వచ్చి పడింది.

"మరి ఈయన తన మటుకు తాను అడిగే దారి లేదా?"

"వెంట పోయినోళ్లు సొంతంగా అడిగేకి లేదు మేడమ్. మీకు మాఫీ అయితే వాళ్లకూ అయితాది. మీకు లేదంటే వాళ్లకూ లేదు. ఒక్క..."

అతను ఆగాడు. యువరాజ్ వైపు చూశాడు. యువరాజ్ బల్ల మీది అద్దాన్ని వేలితో గీకుతూ ఉన్నాడు.

"సార్, మీరు మేడమ్‌కు చెప్పలేదా?"

ఫ్యాను తిరుగుతోంది. కింద అంగట్లో ఎవరో కొత్త ఫోను మోత పరీక్షిస్తున్నారు.

"ఏం చెప్పాల?" అంది నీరజ.

"మీరే చెప్పండి," అన్నాడు యువరాజ్, తల ఎత్తకుండా.

భానుప్రకాశ్ గొంతు సవరించుకున్నాడు. "మొగుడిగానో పెండ్లాంగానో వెంట పోయినోళ్లు ఉంటారు కదా మేడమ్. ఆ పెండ్లి రద్దయితే మాత్రం వాళ్ల సంగతి విడిగా చూస్తారు. ఇచ్చేస్తారని కాదు. చూస్తారు."

నీరజకు మొదట ఆ మాట చెవులకే అందింది. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు అడిగిన ప్రశ్నలా దాన్ని తిప్పి చూసుకుంది. పెళ్లి రద్దయితే. ఎవరి పెళ్లి?

"ఉత్త కాగితమే మేడమ్. ఇద్దరూ ఇష్టపడి విడిపోతాండాం అని కోర్టులో వేస్తే తొందరగా అయిపోతాది. సార్ పోయి స్థిరపడినాక, మీ రెండేళ్లూ అయిపోతాయి. మళ్లా పెండ్లి చేసుకుంటే..."

"కోర్టులో ఏమని రాయాల?"

"ఏడాదిగా వేరువేరుగా ఉంటాండాం అని."

"నిన్న రాత్రి ఈయన తిన్న కంచం నేనే కడిగినాను."

"అది ఎవరు చూడొచ్చినారు మేడమ్?"

"వీసాకు పోయినప్పుడు అడుగుతారు కదా. అప్పుడు?"

"పెండ్లి ముగిసిపోయింది అని చెప్పాల."

"అబద్ధమని తేలితే?"

భానుప్రకాశ్ కుర్చీలో వెనక్కి వాలాడు. అతను మంచివాడే. లేనిది ఉన్నట్టు చెప్పే రకం కాదు.

"తేలితే ఇక జన్మలో వీసా రాదు. అందుకే కొన్నాళ్లు నిజంగానే వేరుగా ఉండాల. ఫోన్లు, మెసేజీలు, ఫోటోలు ఏవీ ఉండకూడదు. పండగలకు, పబ్బాలకు ఒకే ఇంట్లో కనబడకూడదు. నలుగురూ నమ్మితేనే వాళ్లూ నమ్ముతారు."

నీరజ లేచి నిలబడింది. "వస్తామండి," అంది. అలవాటుగా చేతులు జోడించింది కూడా.

మెట్లు దిగుతూ సగంలో ఆగింది.

"ఎప్పటినుంచి అనుకుంటాండావు బావా?"

"పోయిన నెల నుంచి."

"నెల నుంచా."

"చెప్పే ధైర్యం లేకపోయింది. అందుకే ఈడికి పిలుచుకొచ్చినా. వేరేవాళ్లు చెప్తే..."

వేరేవాళ్లు చెప్తే నమ్ముతాడని ఆమె వచ్చింది. వేరేవాళ్లు చెప్తే ఒప్పుకుంటుందని అతను తెచ్చాడు. ఒకే బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చారు ఇద్దరూ.

"ఉత్త కాగితమే నీరజా. మనమధ్య ఏం మారతాది?"

ఆమె మిగిలిన మెట్లు దిగింది.

*

పుంగనూరు చేరేసరికి పొద్దు వాలుతోంది. నీరజకు నేరుగా మదనపల్లె పోయి పడుకోవాలని ఉంది. కానీ అత్త వండి పెట్టుకుని కూర్చుంటుంది. ఎంత అలసటగా ఉన్నా ఆ ఇంటి ముందు నుంచి బస్సులో దాటిపోవడం ఆమెకు చేతకాలేదు.

రంగనాయకమ్మ ఇద్దరికీ కంచాలు పెట్టింది. రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి, పక్కన నెయ్యి.

"ఏమన్నాడు ఆయన?"

ఇద్దరూ కంచాల్లోకి వంగారు.

"ఏందిరా, నోట్లో ఏమన్నా పెట్టుకోనుండారా ఇద్దరూ?"

యువరాజ్ చెప్పాడు. తల వంచుకుని, సంగటి ముద్దను వేళ్లతో చిదుముతూ, ఉత్త కాగితమని మూడుసార్లు అంటూ చెప్పాడు.

రంగనాయకమ్మ చేతిలో నెయ్యి గరిటె అలాగే ఉండిపోయింది. నిన్న ఇంత గొంతుతో అరిచిన మనిషి ఇప్పుడు గొంతు పైకి రాకుండా అడిగింది.

"మీ మంగమ్మ పెద్దమ్మ ఒంటిగా యాల ఉండాదో తెలుసునా నీకు?"

"మొగుడు వదిలేసినాడని కదా."

"వదిలేయలేదు రా. కాగితం రాసినాడు."

నీరజ తలెత్తింది. మంగమ్మ తనకూ మేనత్తే. నాన్నకు, ఈ అత్తకు అక్క. పుట్టింటి వెనక గదిలో, ఎవరికీ అడ్డం రాకుండా బతుకుతున్న మనిషి. ఆమె మొగుడి గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

"నేను అప్పుడు లంగా ఓణీ కూడా వేయలేదు. సీలింగు చట్టమని వచ్చింది. ఒక కుటుంబానికి ఇంతే భూమి, మిగతాది సర్కారుకు అన్నారు. వాళ్లకు భూమి చానా ఉండె. మొగుడూ పెండ్లాం విడిపోయినట్టు రాస్తే రెండు కుటుంబాలు, రెండింతలు భూమి అని ఎవరో ప్లీడరు చెప్పినాడు. మా బావ వచ్చి మా నాయన కాళ్లు పట్టుకున్నాడు. 'ఉత్త కాగితం మామా' అని. మా అక్క నవ్వుకుంటా వేలిముద్ర వేసింది. సూసినా నేను."

గరిటె నెయ్యి గిన్నెలో పెట్టేసింది.

"కొన్నాళ్లు వేరుగా ఉండాల, అధికార్లు వచ్చి సూస్తారు అన్నారు. పుట్టింట్లో దించినారు. మొదట వారం వారం వస్తాండె. తర్వాత పండగకు వచ్చె. తర్వాత రాలేదు. రెండో ఏడు వేరే పిల్లను చేసుకున్నాడు. మా నాయన పోయి అడిగితే 'నీ కూతురికీ నాకూ ఏం సంబంధం మామా? కోర్టు కాగితం ఉండాది కదా' అన్నాడు. ఆయప్ప చెడ్డోడు కాదు రా మొదట్లో. మా అక్కకని సంతలో గాజులు ఏరి ఏరి తెస్తాండె."

"ఆ కాలం వేరు అమ్మా," అన్నాడు యువరాజ్. "నేను అట్లాంటోణ్ణా?"

"ఆయప్ప కూడా మా నాయన కాళ్ల కాడ అదే మాట అన్నాడు."

యువరాజ్ కంచం పక్కకు జరిపాడు. "నేను ఏం చెయ్యాల మరి? చెప్పు. ఈడ కూర్చుని, పెండ్లాం సంపాదిస్తే తిని, సాయంత్రం సైకిలు షాపు కాడ నిలబడి మాట్లాడుకోవాల్నా? ముప్పై ఆరేండ్లు నాకు. ఒక్క చోటు, ఒక్కటే చోటు నన్ను మనిషిగా సూసింది. దానికి అడ్డం నేను చెయ్యని సంతకం!"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నటన కాదని నీరజకు తెలుసు. అక్కడ మంచు పడే ఉదయాల్లో టిఫిను డబ్బా చంకన పెట్టుకుని పనికి పరిగెత్తే మనిషిని ఆమె కిటికీలోంచి చూసింది. అలా నడిచే యువరాజ్‌ను మదనపల్లెలో ఎప్పుడూ చూడలేదు. అతను పోగొట్టుకున్నది చిన్నది కాదు.

అయినా ఏడాదిన్నర. ఇంకొక్క ఏడాదిన్నర అతను తన పక్కన ఆగలేడు. ఆ మాట లోపల ఒకచోట కూర్చుంది, లేవడం లేదు.

"బావా," అంది.

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదేమో. రంగనాయకమ్మ ఉలిక్కిపడినట్టు ఆమె వైపు తిరిగింది.

"ఆయన చెప్పినట్టు నాటకం ఆడేకి నాతో కాదు. వేరుగా ఉన్నామని కోర్టులో ఒక అబద్ధం, ముగిసిపోయిందని వీసా ఆఫీసులో ఇంకో అబద్ధం. దొంగతనంగా ఫోన్లు, ఎవరన్నా చూస్తారేమో అని భయం. అంత ఓపిక నాకు లేదు. పట్టుబడితే నువ్వు జన్మలో పోలేవు. అది కూడా నా వల్లే అంటావు."

"అననులే."

"అంటావు. ఇప్పుడు అంటాండావు కదా." ఆమె చేయి కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. "నీకు నిజంగా పోవాలని ఉంటే, రేపు నేను కాలేజీ నుంచి ఇంటికొచ్చేసరికి సామాన్లు సర్దుకుని ఈడికి వచ్చేసెయ్. కోర్టు అడిగే ఏడాదీ నిజంగానే వేరుగా ఉందాం. కోర్టు ఎప్పుడు ఒప్పుకుంటాదో అప్పుడే సంతకం పెడతా. అప్పుడు ఎవరు అడిగినా అబద్ధం చెప్పే పని నీకుండదు. తిరిగొస్తే మళ్లా పెండ్లి అనే మాట మాత్రం వద్దు. రాసేది ఒకటే కాగితం, అది నిజం కాగితం."

"నీరజా, ఏం మాటలమ్మా అవి!" రంగనాయకమ్మ ఆమె చేయి పట్టుకుంది. "కోపంలో అనాల్సిన మాట కాదు."

"కోపం కాదత్తా. అలిసిపోయినా."

యువరాజ్ ఆమెనే చూస్తున్నాడు. ఇప్పుడు అరుస్తాడు, అనుకుంది నీరజ. బెదిరిస్తాండావా అంటాడు. లేదా వచ్చి పక్కన కూర్చుంటాడు, వద్దులే, ఏడాదిన్నరే కదా అంటాడు. రెండిట్లో ఏదైనా సరే. ఏదన్నా ఒకటి అంటే చాలు, తను ఏడ్చేయగలదు.

వీధిలో పాల బండి ఆగి, క్యాన్లు దించి వెళ్లిపోయింది.

"ప్లీడరును కలిసేకి నీకు కాలేజీలో సెలవు ఎప్పుడు దొరుకుతాది?" అన్నాడు యువరాజ్.

మెల్లగానే అన్నాడు. బస్సులో టీ అందించినట్టే, ఆమెకు ఇబ్బంది కాకూడదన్న జాగ్రత్తతోనే అన్నాడు.

"ఏమడిగినావురా?" అంది రంగనాయకమ్మ. చెవులు సరిగా వినలేదేమోనన్నట్టు ముందుకు వంగింది.

అతను తల్లి వైపు తిరగలేదు. నీరజ జవాబు కోసం చూస్తున్నాడు.

"శుక్రవారం నాకు క్లాసులు లేవు," అంది నీరజ.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు కాసేపటికి గానీ తెలియలేదు.